ముగ్గురూ లేదన్నారు

డాక్టర్ పద్మలత అడిగిన ప్రశ్నకు ముగ్గురూ ఒక్క గొంతుతో లేదన్నారు. పప్పులో ఉప్పు సరిపోయిందా అంటే కూడా ఒక్క మాట మీదికి రాని ఇల్లది. అత్త శకుంతల చాలలేదంటే మామ రామలింగం ఎక్కువైందంటాడు, కోడలు స్రవంతి ఇద్దరికీ తలూపుతుంది. అలాంటిది ఆ రోజు హనుమకొండలోని పిల్లల దవాఖానలో మాత్రం ముందే అనుకుని వచ్చినట్టు ముగ్గురి నోళ్లూ ఒకేసారి కదిలాయి.

డాక్టరు అడిగింది చిన్న ప్రశ్నే. బాబు ఏదైనా నోట్లో పెట్టుకుని ఉక్కిరిబిక్కిరయ్యాడా, గింజ గానీ పూస గానీ బొమ్మ ముక్క గానీ, ఇంట్లో ఏదైనా కనబడకుండా పోయిందా అని. అడుగుతూనే స్టెతస్కోపు బిళ్లను సాయితేజ వీపు మీద ఎడమ పక్కన పెట్టి విన్నది, కుడి పక్కన పెట్టి విన్నది, మళ్లీ ఎడమకు వచ్చింది. ఏడాదిన్నర పిల్లాడు, ఎన్నాళ్లకూ తగ్గని దగ్గుతో వచ్చాడు. బిళ్ల చల్లగా తగిలినప్పుడల్లా భుజాలు ఎగరేసి తల్లి కొంగును నోట్లో కుక్కుకుంటున్నాడు.

లేదన్న వెంటనే స్రవంతి ఆ కొంగును లాక్కుని మెడ చుట్టూ కప్పుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. అయితే డాక్టరు చూపు పిల్లాడి మీదే ఉంది, అత్తమామల చూపు నేల మీద ఉంది, ఆమెను గమనించినవాళ్లు లేరు.

పద్మలత ఎక్స్‌రేను వెలుతురు పెట్టె మీద పెట్టి చూపించింది. కుడి ఊపిరితిత్తి ఎడమదాని కంటే కాస్త ఉబ్బినట్టు ఉంది. కఫం అడ్డుపడి ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు. ఏదో లోపలికి పోయిందని తెలిస్తే ఇవాళే సర్జన్ దగ్గరికి పంపి, మత్తిచ్చి, గొంతులోంచి గొట్టం దింపి చూపిస్తానంది. ఏమీ తెలియకుండా ఇంత చిన్నవాడికి మత్తు ఇప్పించడానికి మాత్రం ఆమె మనసు ఒప్పడం లేదు. మందు మార్చి చూద్దాం, తగ్గకపోతే తీసుకురండి, ఆయాసం పెరిగితే ఒక్క క్షణం కూడా ఆగొద్దు అని చెప్పింది. తలుపు దాకా పోయినవాళ్లను మళ్లీ వెనక్కి పిలిచింది.

"ఇంటికి పోయినంక అందరు ఒక్కకాడ కూసొని జర యాది చేసుకోండ్రి."

ముగ్గురూ తలలూపారు. ఇంటికి పోయాక ఎవరూ ఒక్కచోట కూర్చోలేదు.

రామలింగానికి వరంగల్ బజారులో కిరాణా దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ఎండుమిర్చి బస్తా కదిలిస్తే కింద గిరాకీకి ఒక తుమ్ము, పైన వంటింట్లో ఒక తుమ్ము. కొడుకు ఓంప్రకాశ్ పొద్దున పూట బండి మీద తిరిగి చిన్న దుకాణాలకు సరుకు వేసొస్తాడు, మధ్యాహ్నం నుంచి తండ్రితోపాటు తూకం దగ్గర ఉంటాడు.

ఆ దుకాణంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త బస్తా మూతి విప్పితే, గిరాకీకి తూచే ముందు అందులోంచి చిటికెడు తీసి ఇంట్లో అందరికంటే చిన్నవాడి నాలుక మీద వేయాలి. చక్కెరైనా, అటుకులైనా, పుట్నాలైనా. అలా చేస్తే సరుకులో బర్కత్ ఉంటుందని, వ్యాపారం కలిసొస్తుందని రామలింగం నమ్మకం, అంతకు ముందు ఆయన తండ్రి నమ్మకం. ఓంప్రకాశ్ అలాగే పెరిగాడు. మిరపకాయలూ సబ్బులపొడీ తప్ప నేను నాకని సరుకు ఈ దుకాణంలో లేదని పెళ్లయిన కొత్తలో భార్యతో చెప్పుకుని నవ్వాడు. ఇప్పుడు ఆ గద్దె మీద తాత ఒళ్లో కూర్చునే వంతు సాయితేజది. దగ్గు పట్టుకున్నప్పటి నుంచి తాత మనవడిని కిందికి పిలవడం మానేశాడు. మిర్చి ఘాటు పిల్లాడికి పడదని ఆయన ఆలోచించాడనుకుని స్రవంతి లోలోపల మామకు దండం పెట్టుకుంది.

అత్త సంగతి వేరు. శకుంతల దృష్టిలో ఈ దగ్గుకు ఊరూ పేరూ ఉన్నాయి. ఊరు నర్సంపేట, అంటే కోడలి పుట్టిల్లు. పేరు చల్లనీళ్లు. పుట్టింటికి పోయి నాలుగు రోజులుండి వచ్చింది, అక్కడ పిల్లాడికి సిమెంటు తొట్టిలో నీళ్లు పోసి ఉంటారు, మంచులో తిప్పి ఉంటారు, అంతే, రొమ్ము పట్టేసింది. ఈ మాట పాలవాడికి చెప్పింది, పక్కింటివాళ్లకు చెప్పింది, మందులషాపు అతను అడగకపోయినా చెప్పింది. అక్కడి నుంచి వచ్చాక పిల్లాడు చాలా రోజులు బాగానే ఆడుకున్నాడని స్రవంతి ఒకసారి అనబోయింది. తల్లిగారింటిని అంటే ఎంత పొడుచుకొస్తుందో చూడమని అత్త గోడకేసి చెప్పింది.

స్రవంతికి గట్టిగా జవాబు చెప్పే బలం లేకుండా చేసింది మెడలోని పుస్తెలతాడు. తాడుకు రెండు పుస్తెలు, వాటి పక్కన నల్లపూసలు, అటొకటి ఇటొకటి ఎర్రటి పగడాలు. సాయితేజకు పాలు తాగేటప్పుడు ఆ పగడాన్ని పళ్ల మధ్య పెట్టుకుని కొరకడం అలవాటు. ఒకరోజు స్నానం చేస్తూ చూసుకుంటే ఎడమ పక్క పగడం లేదు. దారం పీచులు లేచి ఉంది. మంచం కింద వెతికింది, దుప్పట్లు దులిపింది, బాత్‌రూమ్ జాలీ ఎత్తి చూసింది. దొరకలేదు.

పుస్తెల పగడం జారిపోతే పెనిమిటికి గండమని చిన్నప్పటి నుంచి విన్నది. ఓంప్రకాశ్ రోజూ బండి మీద లారీల మధ్యలోంచి తిరిగే మనిషి. పగడం పోయిందన్న మాట అత్త చెవిన పడితే ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించడానికి ఎక్కువ తెలివి అక్కర్లేదు. అందుకని ఆ ఖాళీలో ఒక పిన్నీసు పెట్టి కొంగు కప్పింది. మంచిరోజు చూసి నర్సంపేటలో అమ్మ చేత గుచ్చించుకుందామనుకుంది. పిల్లాడి దగ్గుకూ దానికీ సంబంధం ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు, డాక్టరు నోటి నుంచి పూస అన్న మాట వచ్చేదాకా. అప్పుడు తట్టింది. కానీ పక్కన అత్త ఉంది. నోరు దానంతటదే లేదనేసింది.

కొత్త మందు పని చేసినట్టే కనబడి చేయలేదు. జ్వరం లేదు, తిండి తింటున్నాడు, రెండు పూటలా ఆవిరి మందు పట్టిస్తున్నారు, కానీ దగ్గు పోలేదు. పడుకున్నప్పుడు ఛాతీలోంచి సన్నటి చప్పుడు వస్తోంది, కుక్కరు విజిల్ వేయబోయే ముందు చేసే చప్పుడులాగా. స్రవంతి పని చేస్తున్నా చెవి అటే ఉంటోంది. బియ్యం ఏరుతూ ఆగిపోతుంది. చారు పొంగి పొయ్యి ఆరిపోయినా చూసుకోదు. చెప్పాలి అనుకుంటుంది, రేపటికి తగ్గుతుందేమోలే అనుకుంటుంది. తను పిరికిదని ఆమెకు తెలుసు, ఆ సంగతి ఆ రోజుల్లో తెలిసినంత బాగా ఇంకెప్పుడూ తెలియలేదు.

ఒక మధ్యాహ్నం ఓంప్రకాశ్ అన్నం తిని కొడుకును పొట్ట మీద కూర్చోబెట్టుకుని ఆడిస్తున్నాడు. పిల్లాడు కిలకిల నవ్వుతూ నవ్వుతూ టక్కున ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది, లోపలికి గాలి పోవడం లేదు. పెదవుల చుట్టూ నీలం కమ్మింది. ఓంప్రకాశ్ లేచి కూర్చుని భుజాన వేసుకునేలోపే మళ్లీ దగ్గు వచ్చింది, దగ్గుతోపాటు ఏడుపు వచ్చింది, రంగు తిరిగొచ్చింది. అంతా చిటికెలో అయిపోయింది. శకుంతల మిరియాలు నూరి తేనెలో కలపడానికి వంటింట్లోకి పరుగెత్తింది.

స్రవంతి మాత్రం మెట్లు దిగి దుకాణంలోకి పోయింది. రామలింగం గిరాకీకి చక్కెర తూస్తున్నాడు. బక్కమ్మ అనే ముసలామె సంచి పట్టుకుని నిలబడి ఉంది. బయటివాళ్ల ముందు కోడలు దుకాణంలోకి రావడం ఆ ఇంట్లో లేదు. వచ్చింది.

"మామయ్యా, నా పుస్తెల పగడం ఒకటి లేదు. తేజ కొరికి మింగిండో ఏమో. డాక్టరమ్మ అడిగిన్నాడు నేను చెప్పలే."

రామలింగం చేతిలో డబ్బా వంగినట్టే ఉండిపోయింది. తూకం తట్ట నిండి చక్కెర గద్దె మీద పడింది, గద్దె మీది నుంచి కిందికి పడింది. కింద పడ్డ గింజను ఏరి బస్తాలో వేసే మనిషి. ఆయన కోడలి వైపు చూశాడు, తర్వాత వెనక వరసగా ఉన్న బస్తాల వైపు చూశాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు కదిలింది. చివరికి బక్కమ్మను రేపు రమ్మని పంపించి, షట్టరు దించమని పైకి కేకేశాడు. పండగపూట కూడా అర షట్టరు తెరిచి ఉంచే దుకాణం అది. ఒక్క తిట్టు తిట్టలేదు. ఎంత పెద్ద మనసు అనుకుంది స్రవంతి.

తిట్టడానికి శకుంతల ఉంది. ఆటోలో ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఆపలేదు.

"మొగడు బండి మీద తిరిగెటోడాయె. పగడం వొయ్యి గిన్నొద్దులైతే నీకు అన్నం ఎట్ల సయించిందే?"

మనవడి ఊపిరి మాట ఆ తర్వాత వచ్చింది. పూస మింగిన పిల్లాడికి ఇన్నాళ్లు కాఫ్‌ సిరప్పు పోయించిన తల్లివని దెప్పింది. స్రవంతికి ప్రతి మాటా నిజమేననిపించింది. కొడుకును తన చేతులతో తనే చంపుకోబోయానన్న మాట లోపల తిరుగుతుంటే పైనుంచి పడే తిట్లు పెద్దగా తగల్లేదు.

పద్మలత మొత్తం విన్నది. కోప్పడలేదు. ఎక్స్‌రే మళ్లీ పెట్టె మీద పెట్టి, ఆ పగడం అసలుదా ప్లాస్టిక్‌దా అని అడిగింది. అసలు పగడమైతే రాయిలాంటిది, ఇందులో తెల్లగా కనబడాలి. ప్లాస్టిక్‌దైతే కనబడదు.

"అసలుదే మేడం," అంది శకుంతల. పెళ్లిలో పుస్తెలు చూడటానికి వచ్చిన ప్రతి ముత్తయిదువకూ అవి ప్రత్యేకంగా తెప్పించిన అసలు పగడాలని చెప్పిన మనిషి ఇప్పుడు ఇంకోలా ఎలా చెబుతుంది?

అయితే అది ఊపిరితిత్తిలో లేనట్టే అంది డాక్టరు. ఎక్స్‌రే తీసేయబోయింది. స్రవంతికి చెప్పడానికి ఇంత పని పడింది, చెప్పినా లాభం లేకపోయింది.

రామలింగం గొంతు సవరించుకున్నాడు. "అసలుయి కావు మేడం. ప్లాస్టిక్‌యే. డజన్ల లెక్కన అమ్మెటోని కాడ నేనే తెచ్చిన."

శకుంతల భర్త వైపు చూసిన చూపుకు ఇంకో రోజైతే ఆయన ఊరు విడిచిపోయేవాడు. డాక్టరు ఏమీ పట్టించుకోకుండా ఫోను తీసి సర్జన్‌తో మాట్లాడింది. పక్క వీధిలోని పెద్ద దవాఖానలో మర్నాడు పొద్దున్నే గొట్టం దింపి చూడాలని నిర్ణయమైంది. అప్పటిదాకా పిల్లాడిని అక్కడే ఉంచమన్నారు, తెల్లవారాక ఏమీ పెట్టొద్దన్నారు.

మర్నాడు పొద్దున పిల్లాడు పాల కోసం ఏడుస్తున్నాడు. తల్లి ఒళ్లో ఉంటే పాల వాసనకు ఇంకా ఏడుస్తాడని ఓంప్రకాశ్ భుజాన వేసుకుని వరండాలో తిప్పుతున్నాడు. శకుంతల బెంచీ మీద కూర్చుని ఫోన్లు చేస్తోంది. ముందు వర్ధన్నపేటలో ఉన్న తన అక్క సోమక్కకు, ఆ తర్వాత మిగతా చుట్టాలకు. ప్రతిసారీ కథ మొదటి నుంచి మొదలవుతోంది. కోడలి పుస్తెల పగడం, దాచిపెట్టిన వైనం, పిల్లాడి గొంతులోకి పోయిన వైనం. పగడాలు ప్లాస్టిక్‌వన్న ముక్క మాత్రం ఏ ఫోనులోనూ వినబడలేదు. ఎవరో అవతల నుంచి అయ్యో పాపం అన్నారేమో, పాపం కాదు, పొగరు అంది శకుంతల.

స్రవంతి గోడకు ఆనుకుని అన్నీ విన్నది. ఓంప్రకాశ్ ఒక చుట్టు తిరిగొచ్చి ఆమె ముందు ఆగాడు.

"నాకన్న చెప్పాల్సుండె," అన్నాడు. తిట్టినట్టు కాదు, మామూలుగానే అన్నాడు. అత్త తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. అప్పుడు ఏడ్చింది.

నర్సు వచ్చి పిల్లాడిని తీసుకుంది. సాయితేజ తండ్రి చొక్కా జేబును పట్టుకుని వదలకపోతే వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. తలుపు మూసుకుంది. లోపలి నుంచి కాసేపు ఏడుపు వినబడింది, తర్వాత మత్తు ఎక్కిందేమో, ఏమీ వినబడలేదు. ఆ నిశ్శబ్దం కంటే ఏడుపే నయమనిపించింది స్రవంతికి. రామలింగం ఒక్కచోట నిలవలేకపోతున్నాడు. కిటికీ దాకా పోతున్నాడు, వస్తున్నాడు, కోడలి ముందుకు వచ్చేసరికి తల తిప్పుకుంటున్నాడు. మనవడి మీద బెంగ అనుకుంది. చాయ్ తాగుతారా మామయ్యా అని అడిగింది కూడా. ఆయన వద్దని చెయ్యి ఊపాడు.

తలుపు తెరుచుకుని సర్జన్ ఎల్లస్వామి బయటికి వచ్చాడు, వెనకే పద్మలత. బాబు బాగున్నాడు అన్న మాట ముందు చెప్పారు. ఆ మాటకు ఓంప్రకాశ్ బెంచీ మీద కూలబడ్డాడు, స్రవంతి ఎవరికో తెలియకుండానే రెండు చేతులూ జోడించింది. ఎల్లస్వామి చేతిలో మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందరూ దాని మీదికి వంగారు.

అందులో ఎర్రగా ఏమీ లేదు. నాని ఉబ్బిన పల్లిగింజ బద్ద ఒకటి, ఒక పక్క ఇంకా పొట్టు అంటుకుని ఉంది.

"పగడం అసలు లోపల లేనే లేదు," అన్నాడు సర్జన్. కుడి ఊపిరితిత్తికి గాలి పోయే దారిలో ఇరుక్కుంది పల్లీ. పల్లీలో నూనె ఉంటుంది, లోపల ఉన్నకొద్దీ ఉబ్బుతుంది, చుట్టూ వాపు తెస్తుంది, ఇంకొన్నాళ్లు ఆగితే ఆ ఊపిరితిత్తి పాడయ్యేది. తల్లి చెప్పింది కాబట్టి గొట్టం దింపారు. ఆమె చెప్పిన వస్తువు దొరకలేదు గానీ, ఆమె చెప్పకపోతే ఇదీ దొరికేది కాదు. పద్మలత స్రవంతి భుజం మీద చెయ్యి వేసి, పల్లీ ఎప్పుడు తిన్నాడో తెలిస్తే మందు ఎన్ని రోజులివ్వాలో చూసుకుంటానంది.

"నర్సంపేటల పెట్టిండ్రేమో, వాళ్లమ్మోళ్లు," అంది శకుంతల.

"ఆడ కాదు." రామలింగం గొంతు పీలగా వచ్చింది. "నేనే పెట్టిన. కొత్త పల్లీల బస్తా ఇప్పిన్నాడు. బద్ద చేసే పెట్టిన మేడం, దగ్గిండు, మొఖం ఎర్రగయింది. మా ఇంటామెనే వీపు చరిచింది. మల్ల నవ్విండు. మింగిండు అనుకున్నం."

అది ఏ రోజని డాక్టరు అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె లెక్క వేసుకుని, నాలుగైదేళ్లు వచ్చేదాకా పల్లీ, పుట్నం, శనగ ఏదీ పిల్లాడి నోట్లో పెట్టొద్దని గట్టిగా చెప్పి సర్జన్‌తోపాటు లోపలికి వెళ్లిపోయింది.

మిగిలింది నలుగురు. స్రవంతి అత్త వైపు చూసింది. వీపు చరిచింది ఈ చెయ్యే. ఆటోలో, వరండాలో, ఫోనులో తిట్టింది ఈ నోరే. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని వినడమే గానీ, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఒళ్లంతా కోపం నిండింది. కొడుకు బతికాడన్న సంతోషమూ అదే ఒంట్లో ఉంది. రెండూ ఒకదాన్నొకటి ఆపలేదు.

"డాక్టరమ్మ అడిగిన్నాడు చెప్పకపోతిరి, సరే. నేను గూడ చెప్పలే. నిన్న నేను దుకాణంలకొచ్చి చెప్పినప్పుడన్న చెప్పకపోతిరి మామయ్యా?"

రామలింగం కిటికీ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పినవ్ గద బిడ్డా. ఎట్లయినా లోపల చూస్తరు, ఏదుంటే అది ఎల్తది. మల్ల నేనెందుకు చెప్పుడని."

"నేను చెప్పకపోతే?"

గిరాకీ ఏది అడిగినా లేదనకుండా దానికి బదులు ఇంకోటి చేతిలో పెట్టే మనిషి ఆయన. దీనికి ఏదీ తీసివ్వలేకపోయాడు. ఓంప్రకాశ్ తండ్రి వైపు చూసి, తల్లి వైపు చూసి, బెంచీ మీది నుంచి లేచి భార్య పక్కకు వచ్చి నిలబడ్డాడు.

నర్సు పిల్లాడిని బయటికి తెచ్చింది. ఇంకా మగతగా ఉన్నాడు, కళ్లు మూతలు పడుతున్నాయి. శకుంతల అలవాటుగా చేతులు చాచింది. స్రవంతి ముందుకు వచ్చి కొడుకును తీసుకుంది. తీసుకుని అత్తకు ఇవ్వలేదు. పిల్లాడి ముక్కు దగ్గర చెంప పెట్టింది. గాలి వెచ్చగా తగిలింది.

అప్పుడు శకుంతల చేతిలో ఫోను మోగింది. సోమక్క. శకుంతల దాన్ని చూస్తూ కూర్చుంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది.

"ఎత్తుండ్రి అత్తమ్మా," అంది స్రవంతి. "ఫికర్ చేస్తది పెద్దమ్మ. ఏం ఎల్లిందో చెప్పుండ్రి."

గొంతు పెంచలేదు. అయినా ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె అత్తకు చెప్పిన మొదటి పని అదే. శకుంతల ఫోను ఎత్తింది. సోమక్కకు చెవుడు మొదలైనప్పటి నుంచి గట్టిగా మాట్లాడుతుంది, అవతలి మాట వరండా అంతా వినబడింది. ఎల్లిందా పగడం అని అడుగుతోంది.

"పగడం కాదక్కా. పల్లిగింజ."

ఎవరు పెట్టిండ్రట పసిపోరనికి పల్లీలు, ఆ నర్సంపేటోళ్లేనా అంది సోమక్క.

శకుంతల మొగుడి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. కోడలి వైపు చూసింది. స్రవంతి ఆమెనే చూస్తోంది, కళ్లు తిప్పుకోలేదు.

"కాదు," అంది శకుంతల. సోమక్కకు వినబడలేదు, మళ్లీ అడిగింది. ఈసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"మేమే పెట్టినం అక్కా. మేమే."

వరండాలో అటూ ఇటూ కూర్చున్న ఒకరిద్దరు తలెత్తి చూశారు. స్రవంతి పిల్లాడిని భుజం మీదికి మార్చుకుని వార్డులోకి నడిచింది.